పడాంగ్ తీరంలో ఎలుగుబంటి

ఆ ఆదివారం మధ్యాహ్నం మూడు దాటాక, పడాంగ్ సముద్రతీరాన మొక్కజొన్న పొత్తులు కాల్చే బండికి పదడుగుల దూరంలో ఒక ఎలుగుబంటి కుప్పకూలిపోయింది.

నిజం ఎలుగుబంటి కాదు, వేషం. గోధుమరంగు బొచ్చు తొడుగు, బుట్టంత తల, కుట్లు తెగి వేలాడుతున్న ఒక చెవి. సెలవు రోజుల్లో అలాంటి వేషగాళ్లు గట్టు పొడవునా తిరుగుతూనే ఉంటారు. మెడలో పాటల డబ్బా మోగుతుంటే నడుం తిప్పుతారు, పిల్లలతో ఫోటోలు దిగుతారు, ఉడికించిన నత్తలు పీల్చుకుంటూ కూర్చున్న జంటల ముందు నిలబడి చిల్లర డబ్బా ఊపుతారు.

యుస్నిమార్ ఆ పడిపోవడాన్ని కళ్లారా చూసింది. రెండు నిమిషాల కిందట దాన్ని కసిరింది ఆమే. పొత్తు కొనుక్కుని వెనక్కి తిరిగేసరికి ఎదురుగా ఈ బొచ్చు బొమ్మ ఊగుతూ కనబడింది.

"పో పో. ఈ వయసులో నాకు ఫోటోలేంటి?" అంది.

ఎలుగుబంటి ఊగడం ఆపేసింది. పాట మోగుతూనే ఉంది, అది మాత్రం కర్రలా నిలబడిపోయింది. తర్వాత గిరుక్కున తిరిగి, ఎండలో, ఆ బరువు తొడుగులో, గబగబా అడుగులేస్తూ దూరంగా పోబోయింది. కాళ్లు తడబడ్డాయి. మోకాళ్ల మీద కూలి, పక్కకి ఒరిగింది.

యుస్నిమార్‌ది మరాపి కొండ కింది ఊరు. అరవై రెండేళ్లు. ఊళ్లో ఖురాన్ చదువుకునే ఆడవాళ్లంతా ఏడాదికోసారి రెండు మినీబస్సులు మాట్లాడుకుని సముద్రానికి వస్తారు. ఈసారి అందరికీ వంకాయరంగు ముసుగులు కుట్టించారు. కుట్టింది ఆమె కూతురు దెల్ఫీ. ఇరవై ఆరేళ్ల దెల్ఫీ కూడా తల్లితో వచ్చింది కానీ, అందరితో కలిసి కూర్చోకుండా నీళ్లలో కాళ్లు పెట్టుకుని ఎటో నడుస్తోంది.

పొత్తుల బండి మార్నిస్ విసనకర్ర పారేసి పరిగెత్తింది. "ఎండదెబ్బ. ముందు తల తీయండి, ఊపిరాడాలి" అంటూ ఆ పెద్ద తలని రెండు చేతులతో పట్టి లాగింది.

లోపల్నుంచి ముఖం బయటపడింది. చెమటతో తడిసి నుదుటికి అతుక్కున్న తెల్ల వెంట్రుకలు. గీత గీసినట్టు కత్తిరించిన మీసం. నమాజులో నేలకి ఆనించీ ఆనించీ నల్లబడిన నుదురు.

యుస్నిమార్ చేతిలో పొత్తు ఇసుకలో పడింది.

ఆ ముఖం ఆమె నాలుగు నెలల కిందట తన ఇంట్లోనే చూసింది. మడతల తలపాగా కింద, చాప మొదట్లో, పద్దెనిమిది మంది మగవాళ్లు తలలు వంచుకుని వింటూ ఉండగా. దాతుక్ సీనారో. ఆమె వంశానికి పెద్ద. నలభై మంది మేనల్లుళ్లకీ మేనకోడళ్లకీ మామ. ఆమె సొంత అన్న.

పొరబాటేమో అనుకుంది. మనిషిని పోలిన మనిషి ఉంటాడు కదా అనుకుంది. అంతలో ఆ కళ్లు సగం తెరుచుకున్నాయి. ఆమెని చూశాయి. చూసి, మళ్లీ గట్టిగా మూసుకున్నాయి. ఇక పొరబాటుకి చోటు లేకుండా పోయింది.

అటు గట్టు మీద వంకాయరంగు ముసుగులు లేచి నిలబడుతున్నాయి. ఎవరో పడిపోయారట, పదండి చూద్దాం అనుకుంటూ వస్తున్నాయి. అందరికంటే ముందు శంసినార్. ఆమె చెవిన పడ్డ సంగతి సాయంత్రానికల్లా కొండకి అవతలి ఊరు చేరుతుంది.

తను అలా చేస్తుందని యుస్నిమార్ కూడా ఊహించలేదు. వంగి, మార్నిస్ చేతుల్లోంచి ఎలుగుబంటి తల లాక్కుని, స్పృహ సరిగా లేని అన్న తలకి మళ్లీ తొడిగేసింది.

"ఏమ్మా, మతి పోయిందా?" మార్నిస్ అరిచింది. "ఊపిరాడక చస్తాడు మనిషి."

"తీయొద్దు."

"ఎవరు నువ్వు తీయొద్దనడానికి?"

"దణ్ణం పెడతా తల్లీ. ఒక్క నిమిషం. బండి వెనక్కి తీసుకెళ్లాక తీద్దాం."

మార్నిస్ ఆమె ముఖంలోకి చూసింది. వస్తున్న ముసుగుల వైపు చూసింది. ఆమెకి ఏం అర్థమైందో గానీ, గాలిపటాలు ఎగరేస్తున్న ఇద్దరు కుర్రాళ్లని పిలిచి, "కాళ్లూ చేతులూ పట్టుకోండి, నీడలోకి తీసుకుపోదాం" అంది. ఎలుగుబంటిని ముగ్గురూ మోసుకుంటూ పోతుంటే శంసినార్ వచ్చేసింది.

"ఎవరు యుస్? ఏమైంది?"

"ఎవరో వేషగాడు. ఎండ పడలేదు."

"అయ్యో పాపం. ముఖం చూశావా? ముసలాడా, పడుచువాడా?"

"చూళ్లేదు."

"చూసుండాల్సింది. ఈ మధ్య మన వైపు వాళ్లు కూడా ఈ పనిలో దిగుతున్నారట."

యుస్నిమార్ గట్టు వైపు చెయ్యి చూపింది. "నువ్వెళ్లి పిల్లలకి తిండి పెట్టు. నేను ఆ అమ్మాయికి కాస్త సాయం చేసి వస్తా" అని, జవాబు కోసం ఆగకుండా బండి వెనక నీలం పట్టా చాటుకి వెళ్లిపోయింది.

అక్కడ తల తీశారు. మార్నిస్ బకెట్ నీళ్లు మెడ మీద పోసింది, లేత కొబ్బరినీళ్లు నోటికి పట్టింది. కాసేపటికి మనిషి కదిలాడు. కళ్లు తెరిచి చుట్టూ చూసి, మొదట అడిగిన మాట ఇది:

"శంసినార్ వెళ్లిపోయిందా?"

యుస్నిమార్ తిరగేసిన పెట్టె మీద కూలబడింది. అన్నయ్యా అని పిలిచే అలవాటు ఆమెకి పడుచు వయసులోనే పోయింది. ఆయనకి ఇరవై ఏడో ఏట దాతుక్ బిరుదు వచ్చింది. మేనమామ పోయిన మర్నాడే వంశమంతా కూర్చుని ఆయన పేరు ఖాయం చేశారు. దున్నని కోశారు, డప్పులు మోగించారు, తలపాగా చుట్టారు. ఆ రోజు నుంచి జమారిస్ అనే పేరు ఎవరి నోటా వినబడలేదు. కన్నతల్లి కూడా దాతుక్ అనే పిలిచింది. చెల్లెలు "మీరు" అనడం మొదలుపెట్టింది. నలభై ఒక్క ఏళ్లుగా అలాగే అంటోంది.

ఇప్పుడు ఆమె నోట్లోంచి వచ్చిన మాట అది కాదు.

"అన్నయ్యా, ఏంటిది? నీకేం ఖర్మ?"

జమారిస్ తొడుగు ముందున్న జిప్పు కిందికి లాగి, తడిసిన చొక్కాతో బయటికి వచ్చి గట్టు గోడకి ఆనుకున్నాడు. నడుం వరకూ మనిషి, కింద ఎలుగుబంటి.

"ఎన్నాళ్లనుంచి?"

"ఏడు నెలలు."

"తిండికి లేకనా?"

"పెన్షన్ వస్తోందిగా."

"మరెందుకు? చెప్పు. ఎందుకు?"

మార్నిస్ మధ్యలో కల్పించుకుంది. ఆమెకి ఈ మనిషి దాతుక్ అని తెలియదు, ఎవరూ చెప్పలేదు. "ఈయన్ని తిట్టకమ్మా. ఈ గట్టు మీద పిల్లలకి ఈ ఎలుగే కావాలి. మిగతావాళ్లు పాట ఆగితే ఆగిపోతారు. జమారిస్ గారు ఆగరు, నోటితో పాడుకుంటూ ఆడతారు."

"ఆడతాడా?" అంది యుస్నిమార్.

"ఆడ్డమా? నడుం చూడాలి నువ్వు."

యుస్నిమార్ చూడదలుచుకోలేదు. ఆమె ఎరిగిన అన్న నవ్వితే మీసం కూడా కదిలేది కాదు. పడాంగ్‌లో భూమి కొలతల కచేరీలో ముప్పై మూడేళ్లు గుమాస్తాగా పనిచేశాడు. పెళ్లాం నూర్మా పుట్టింట్లో కాపురం ఉన్నాడు, వాళ్లలో మగవాళ్లంతా ఉన్నట్టే. పిల్లలు కలగలేదు. ఊళ్లో పంచాయితీ ఉందని కబురు వస్తే తెల్లారేసరికి కొండెక్కే బస్సులో ఉండేవాడు. ఎవరి పొలం ఎవరికి తాకట్టు పెట్టాలి, ఎవరి పిల్లని ఎవరికివ్వాలి, అన్నదమ్ముల మధ్య గోడ ఎక్కడ లేవాలి, అన్నీ ఆయన నోటి మీదే. అందరూ వచ్చి చెయ్యి ముద్దుపెట్టుకునేవారు. సాయంత్రం బస్సుకి దిగిపోయేవాడు. రెండేళ్ల కిందట నూర్మా పోయింది.

"వదిన పోయాక ఆ ఇంట్లోనే ఉన్నావనుకున్నాం" అంది యుస్నిమార్. "మరదలు బాగా చూసుకుంటోందని నువ్వే చెప్పావు."

"వందో రోజు ఫాతిహా అయ్యాక వచ్చేశాను. అది వాళ్లమ్మ ఇల్లు. ఎవరూ పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు."

"ఎక్కడుంటున్నావు మరి?"

"గది తీసుకున్నా. చేపల బజారు వెనక."

"అద్దె గదిలోనా? దాతుక్ సీనారో అద్దె గదిలోనా?" ఆమె గొంతు పైకి లేచింది, వెంటనే తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మన ఇల్లు లేదా? అమ్మ ఇల్లు. నీ ఇల్లు."

"ఆ ఇంట్లో నేను ఎప్పుడు పడుకున్నానో చెప్పు యుస్."

ఆమె చెప్పబోయింది. పన్నెండో ఏట అందరు మగపిల్లల్లాగే చాప చంకన పెట్టుకుని సురావుకి, ఊరి ప్రార్థన మందిరానికి, వెళ్లాడు, అక్కడే చదువు, అక్కడే నిద్ర. తర్వాత పట్నం. తర్వాత పెళ్లాం ఇల్లు. బిరుదు వచ్చాక ఆ ఇంట్లో ఆయన కూర్చునే చోటు అందరికీ తెలుసు, నడి స్తంభానికి ఎడమ పక్క. పడుకునే చోటు ఎవరికీ తెలియదు, ఎందుకంటే అలాంటిది లేదు. గదులన్నీ ఆడవాళ్లవి. ఎన్ని పంచాయితీలు, ఎన్ని విందులు, ఒక్కసారీ "ఈ రాత్రికి ఉండిపోండి" అని తను అన్నట్టు గుర్తు రాలేదు ఆమెకి. అన్న ఎలుగుబంటి తొడుగులో కనబడినప్పటికంటే ఎక్కువగా అదిరిపడింది ఆమె, అప్పుడు.

పట్టా కదిలింది. దెల్ఫీ నిలబడి ఉంది, చెప్పులు చేతిలో పట్టుకుని, కాళ్లకి తడి ఇసుకతో. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. మామని చూసింది, పక్కనున్న ఎలుగుబంటి తలని చూసింది.

"మామయ్యా."

"రా అమ్మాయ్" అన్నాడు జమారిస్. ఎక్కడికి రావాలో ఆయనకీ తెలియదు.

మూడేళ్ల కిందట దెల్ఫీ రెండు పెళ్లిళ్లలో పాటలు పాడింది. ఒక కీబోర్డు, రెండు స్పీకర్లు, చెక్కబల్లల వేదిక. మూడో పెళ్లికి పిలుపు వచ్చేలోగా దాతుక్ కొండెక్కి వచ్చాడు. చాప మొదట్లో కూర్చుని ఒక్క మాట చెప్పాడు. అంతటితో అయిపోయింది. దెల్ఫీ ఎదురు చెప్పలేదు, ఏడవనూ లేదు. కుట్టుమిషను ముందు కూర్చుంది, ఇప్పటికీ లేవలేదు.

"ఆ రోజు నన్నేమన్నారో గుర్తుందా మామయ్యా?"

"ఉంది."

"ఏమన్నారు?"

"దెల్ఫీ" అంది తల్లి హెచ్చరికగా.

"చెప్పనీ. అడిగింది కదా." జమారిస్ గోడకి ఆనుకున్నవాడు నిటారుగా కూర్చున్నాడు, పంచాయితీలో కూర్చున్నట్టే. "మన ఇంటి ఆడపిల్ల నలుగురి ముందు వేదికెక్కి ఊగితే, తల దించుకోవాల్సింది నేను. అదీ నేనన్నది."

దెల్ఫీ ఎలుగుబంటి తల వైపు చూసింది. "దించుకోవడమేంటి మామయ్యా. ఏకంగా తీసి పక్కన పెట్టారు."

మార్నిస్‌కి నవ్వు ఆగలేదు. పొత్తులు మాడిపోతున్నాయంటూ బయటికి పరిగెత్తింది. యుస్నిమార్‌కి కూతుర్ని కొట్టాలో, తను చావాలో తెలియలేదు. మేనమామతో ఆ ఇంట్లో ఎవరూ అలా మాట్లాడలేదు, ఏనాడూ. ఆమె అన్న ముఖం వైపు చూడటానికే భయపడింది. చూస్తే, ఆయన చెవులదాకా ఎర్రబడి, ఇసుకలో వేలితో గీతలు గీస్తున్నాడు, చిన్నప్పుడు తప్పు చేసి దొరికినప్పుడు చేసినట్టే.

"నువ్వన్న మాట నిజమే" అన్నాడు చివరికి.

తర్వాత ఆయనే చెప్పాడు, ఎవరూ అడక్కుండా. పక్కగదిలో బుయుంగ్ అని ఒకడు ఉంటాడు. తొడుగు వాడిది. వాడికి పొట్టలో ఆపరేషన్ అయింది, బరువులెత్తొద్దన్నారు. వర్షం వస్తే తడుస్తుందని ఒకరోజు తొడుగుని ఈయన గదిలో పెట్టారు. తలుపేసుకుని ఊరికే వేసుకు చూశాడు.

"అద్దంలో చూసుకున్నా. నేను కనబడలేదు. హాయిగా అనిపించింది" అన్నాడు. "ఆ ఆదివారం బుయుంగ్ పెళ్లాం ఖాళీ చిల్లర డబ్బా పట్టుకుని ఏడుస్తుంటే, నేను వెళ్తాలే ఒక్కరోజు అన్నా. ఇప్పటికీ డబ్బాలో పడ్డదంతా ఆవిడకే ఇస్తా. ఎందుకు మానలేదంటావా?" ఎలుగుబంటి తలని దగ్గరికి జరుపుకున్నాడు. "మొదటి రోజే ఒక చిన్నపిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి నా పొట్టలో తల పెట్టుకుని నిలబడిపోయింది. కదలదు. నాకు చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు యుస్. అరవై ఏడేళ్లొచ్చాయి, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు."

దెల్ఫీ చెప్పులు కింద పడేసి, మామ పక్కన ఇసుకలో కూర్చుంది.

"ఊళ్లో తెలిస్తే?" అంది యుస్నిమార్. ఆమెకి ఇంకా అదే.

"తెలియకూడదనే కదా తల."

బస్సులు బయల్దేరే వేళకి శంసినార్ వెతుక్కుంటూ వచ్చింది. తన భర్త తరఫు చుట్టాలు ఇక్కడున్నారనీ, రెండు రోజులుండి వస్తామనీ యుస్నిమార్ చెప్పింది.

"ఇన్నేళ్లూ లేనిది ఉన్నట్టుండి గుర్తొచ్చారేం చుట్టాలు?"

"ఒంట్లో బాలేదట."

"అలాగా" అంది శంసినార్. నీలం పట్టా వైపు ఓసారి చూసి బస్సెక్కింది.

చేపల బజారు వెనక సందులో ఆ గది తలుపు తీసేసరికి యుస్నిమార్ గుమ్మంలోనే ఆగిపోయింది. ఒక పరుపు. ఒక పళ్లెం, ఒక గ్లాసు, ఒక చెంచా. ఒక మేకుకి రక్తపోటు మాత్రల సంచి, ఇంకో మేకుకి ప్లాస్టిక్ కవరు చుట్టిన తలపాగా పెట్టె. ఆమె ఆ పళ్లెం వైపు చాలాసేపు చూసింది. ఆమె ఇంట్లో పెళ్లికి తీసే పళ్లాలే రెండొందలుంటాయి. అన్నీ ఆ మనిషి ముందు వరసగా పరిచినవే.

ఇంతలో బయట ఎవరో ఆడమనిషి కేకేసింది. "జమారిస్ గారూ, పంపులో నీళ్లొచ్చాయి. ఆలస్యమైతే నన్ననకండి."

"వస్తున్నా" అని కేకేసి, ఆయన బకెట్ అందుకుని వెళ్లిపోయాడు. వరసలో ఎవరితోనో వాదులాట, ఎవరో నవ్వడం, అందులో అన్న గొంతు. యుస్నిమార్ కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. దాతుక్ సీనారో బకెట్ మోసుకుంటూ రావడం ఆమె చూసింది. నీళ్లు కాళ్ల మీద చిందుతుంటే, పక్కవాడు ఏదో అంటే, పళ్లు కనబడేలా నవ్వుతున్నాడు. ముందు పన్ను పక్కన ఒకటి ఊడిపోయి ఉంది. అది ఎప్పుడు ఊడిందో ఆమెకి తెలియదు.

"ఊరికి వచ్చెయ్ అన్నయ్యా" అంది, ఆయన లోపలికి రాగానే. "రేపే బయల్దేరదాం. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. పక్కగది ఖాళీ చేయిస్తా."

"చూద్దాం" అన్నాడు.

మూడు వారాల తర్వాత, ఉపవాస నెలకి ముందు, వంశం వాళ్లంతా యుస్నిమార్ ఇంట్లో కూర్చున్నారు. ఇంటి కప్పు మరమ్మతు సంగతి. ముందురోజు ఆమె ఫోన్ చేసి అన్నని బతిమాలింది, ఆ విషయం నోరు జారొద్దని. "నోరు జారను" అని మాట ఇచ్చాడు జమారిస్.

ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. నోరు జారలేదు. కప్పు సంగతి తేల్చి, ఎవరు రేకులు తేవాలో ఎవరు మనుషుల్ని పంపాలో చెప్పి, తలపాగా సర్దుకుని, తాపీగా, స్పష్టంగా చెప్పాడు.

"ఇంకో మాట ఉంది. అది నా గురించి. ఏడెనిమిది నెలలుగా ఆదివారాలు పడాంగ్ తీరంలో ఎలుగుబంటి వేషం వేస్తున్నాను."

వంటింటి గుమ్మంలో రెండంగ్ కూర గిన్నెతో నిలబడ్డ యుస్నిమార్ అక్కడే శిలైపోయింది. కూజా దగ్గరున్నవాడు గ్లాసు నిండి పొర్లుతున్నా ఒంపుతూనే ఉన్నాడు.

వాళ్లందరిలో పెద్దవాడు మలికార్, ఎనభై దాటినవాడు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమన్నావు?"

"ఎలుగుబంటి వేషం."

"ఎలుగుబంటా?"

"ఎలుగుబంటే."

"గంతులేస్తావా?"

"వేస్తాను."

"ఎంతసేపు?"

"మధ్యాహ్నం నమాజు నుంచి పొద్దు వాలేదాకా. మధ్యలో అసర్ నమాజుకి ఆగుతా."

మలికార్ చెవి దగ్గర్నుంచి చెయ్యి దించాడు. "నమాజు మానట్లేదు" అన్నాడు చివరికి, పక్కవాడితో.

తర్వాత గొడవ మొదలైంది. పరువు అన్నారు, వంశం అన్నారు, పక్క వంశం వాళ్లకి ముఖం ఎలా చూపించాలన్నారు. ఒక మేనల్లుడు లేచి వెళ్లిపోయాడు. ఇంకొకడు ఆ బుయుంగ్ ఎవడో వాణ్ణి తన్నాలన్నాడు. జమారిస్ అంతా విన్నాడు. విని, తలపాగా తనే తీసి ముందు పెట్టాడు. చిన్నమ్మ మనవడు ఎర్వండీ ఉన్నాడు, బడిలో పాఠాలు చెబుతాడు, ముప్పై ఎనిమిదేళ్లవాడు, నెమ్మదస్తుడు, పండగ వెళ్లాక వాడికి చుట్టండి అన్నాడు. వద్దనేవాళ్లు కూడా గట్టిగా వద్దనలేదు. అది యుస్నిమార్‌కి కత్తిలా దిగింది. నలభై ఏళ్లు చెయ్యి ముద్దుపెట్టుకున్నవాళ్లు, ఒక్క పూటలో సరేనన్నారు.

"పోయేముందు ఒక తీర్పు వెనక్కి తీసుకోవాలి" అన్నాడు జమారిస్. "దెల్ఫీ పాటల సంగతిలో నేను తప్పు చెప్పాను. ఆ అమ్మాయి పాడుకోవచ్చు."

దెల్ఫీ అన్నం వడ్డిస్తోంది. గరిటె ఆగలేదు. వరస చివరిదాకా వడ్డించి, వంటింట్లోకి వచ్చి, పొయ్యి వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదలడం తల్లి చూసింది.

ఆ సాయంత్రమే శంసినార్ వచ్చింది, గిన్నెలు తోమడానికి సాయం చేస్తానంటూ. యుస్నిమార్ బిక్కచచ్చిపోయి కూర్చుంది. ఇక ఊరంతా తెలిసినట్టే అనుకుంది.

"నాకు ఆ రోజే తెలుసు" అంది శంసినార్, మసి గిన్నె ముందుకి లాక్కుంటూ. "పట్టా చిరుగులోంచి చూశాను. ఆ మీసం ఇంకెవరికుంటుంది?"

యుస్నిమార్ ఆమె వైపు తేరిపార చూసింది. "మూడు వారాలు. నీ నోట్లో మూడు వారాలు ఎలా ఆగింది?"

"చెబితే ఎవరు నమ్ముతారు? దాతుక్ ఎలుగుబంటి అంటే నన్ను పిచ్చాసుపత్రిలో పడేస్తారు." కాసేపు తోమింది. "అదీగాక, మా మనవడు పోయిన ఏడు పట్నం వెళ్లినప్పుడు ఆ ఎలుగుతో ఫోటో దిగాడట. ఇంట్లో గోడకుంది. రోజూ దానికి సలాం చెబుతాడు. ఆ ఫోటో తీసేయాల్సొస్తుందని ఊరుకున్నా."

పండగ తర్వాత ఎర్వండీకి తలపాగా చుట్టారు. దెల్ఫీ ఆ మరుసటి నెల పక్క ఊరి పెళ్లిలో పాడింది. పాట గొప్పగా ఏమీ లేదు. రెండో చరణంలో శ్రుతి పోయింది, మైకు కూత పెట్టింది. అయినా ఇంకో పెళ్లికి పిలిచారు, వెళ్లింది. బుయుంగ్ కోలుకున్నాడు. ఇప్పుడు ఆదివారాలు వాడు పొద్దున, జమారిస్ సాయంత్రం. వెళ్లే పొద్దు ఆయన "పడాంగ్ వెళ్లొస్తా" అంటాడు. యుస్నిమార్ "జాగ్రత్త" అంటుంది. ఎందుకు వెళ్తున్నాడో ఇద్దరూ అనుకోరు. ఊళ్లో కొందరు దారిలో ఎదురైతే పక్కకి తప్పుకుంటారు. కొందరు ఇంకా అలవాటు కొద్దీ దాతుక్ అని, నాలిక కరుచుకుంటారు.

ఆయన పడాంగ్ గది ఖాళీ చేసి ఈ ఇంటికి సామాను తెచ్చుకున్నది ఒక బుధవారం. గుడ్డసంచి, పళ్లెం, గ్లాసు. యుస్నిమార్ పక్కగది ఊడ్చి, కొత్త చాప పరిచి, దిండు పెట్టింది. భోజనం చేసి, మధ్యాహ్నం నమాజు చేసుకుని, ఆయన గది గుమ్మంలో కాసేపు తటపటాయించాడు, పరాయి ఇంట్లో అడుగు పెడుతున్నట్టు. తర్వాత లోపలికి వెళ్లి పడుకున్నాడు.

తల్లీకూతుళ్లు వసారాలో ముసుగులకి అంచులు కుడుతున్నారు. కాసేపటికి గదిలోంచి ఒక చప్పుడు మొదలైంది. ఎవరో రంపంతో దుంగ కోస్తున్నట్టు, మధ్యలో ఆగి, మళ్లీ ఇంకా గట్టిగా. దెల్ఫీ సూది ఆపింది.

"ఏంటమ్మా అది? మామయ్యేనా?"

యుస్నిమార్ చేతిలో గుడ్డ ఒళ్లో పడిపోయింది. చెవి ఒగ్గి వింది. అరవై రెండేళ్లు. ఒకే తల్లి పిల్లలు.

"గురక పెడతాడా?" అంది, ఎవరినో అడుగుతున్నట్టు. "నాకు తెలియదే."